జీహెచ్‌ఎంసీకి బహిరంగ లేఖ: హోటల్ పనివాళ్ళ పేర్లు ఏ రిజిస్టర్‌లో ఉన్నాయి?

హైదరాబాద్,
జూలై 2021

గ్రేటర్ హైదరాబాద్ మేయర్ గారికి, కమిషనర్ గారికి, 150 డివిజన్ల కార్పొరేటర్లకు నమస్కారం.

జూన్ 20న కరోనా లాక్‌డౌన్ పూర్తిగా ఎత్తేశారు. హోటళ్ళు తెరిచారు కదా, ఇక హోటల్ పనివాళ్ళకేం కష్టం అని చాలామంది అనుకుంటున్నారు. అమీర్‌పేటలో ఒక మెస్‌లో కౌంటర్ మీద కూర్చునేవాణ్ణి నేను. మా వీధిలో షట్టర్లు లేచాయి కానీ తినేవాళ్ళు రాలేదు. కోచింగులు ఆన్‌లైన్‌లోనే నడుస్తున్నాయి. హాస్టళ్ళలో చాలా గదులకు ఇంకా తాళాలే. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల వాళ్ళు ఇంటి నుంచే పనిచేస్తున్నారు. నగరంలో మెస్సులు, కర్రీ పాయింట్లు, టిఫిన్ సెంటర్లు బతికేదే వీళ్ళ మీద. అందుకే యజమానులు వంట మాస్టర్‌ని, ఇద్దరు ముగ్గురు పాతవాళ్ళని ఉంచుకుని మిగతావాళ్ళకు "మళ్ళీ ఫోన్ చేస్తాలే" అని చెప్పారు. ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళ తరఫున ఈ లేఖ రాస్తున్నాను.

అడిగేది పెద్దదేం కాదు. నగరంలోని హోటళ్ళు, మెస్సులు, టిఫిన్ సెంటర్లు, బేకరీలు, ఇరానీ చాయ్ హోటళ్ళలో పనిచేసేవాళ్ళ పేర్లతో ఒక జాబితా తయారు చేయండి. దాన్నిబట్టి వాళ్ళ ఖాతాల్లో డబ్బు వేయండి. డబ్బు మాట తర్వాత, ముందు జాబితా అంటున్నానంటే దానికి కారణముంది.

ఈ పదహారు నెలల్లో ఎవరికి సాయం అందింది, ఎవరికి అందలేదు అని చూస్తే ఒక విషయం స్పష్టంగా కనబడుతుంది. ఏదో ఒక నంబర్ ఉన్నవాడికే అందింది. 2020 ఏప్రిల్, మే నెలల్లో తెల్ల రేషన్ కార్డు ఉన్న కుటుంబానికి 1,500 రూపాయలు, మనిషికి 12 కిలోల బియ్యం ఇచ్చారు. కార్డు నంబర్ ఉంది కాబట్టి అందింది. ఇంటిపన్ను 15,000 లోపు కట్టే నివాస గృహాలకు గతేడాది నవంబర్‌లో సగం మాఫీ ప్రకటించారు. ఇంటికి నంబర్ ఉంది. ఈ జనవరి నుంచి నెలకు 20,000 లీటర్ల దాకా నల్లా నీళ్ళు ఉచితం. దానికి జలమండలి ఇచ్చిన క్యాన్ నంబర్, అంటే నల్లా కనెక్షన్ నంబర్ ఉంది. తోపుడు బండ్ల వాళ్ళకు వీధి వ్యాపారుల చట్టం కింద మీరే గుర్తింపు కార్డులిచ్చారు. 2020 జూన్‌లో కేంద్రం 10,000 రూపాయల స్వనిధి అప్పు పెట్టినప్పుడు ఆ కార్డే అక్కరకొచ్చింది. మొన్న ఏప్రిల్‌లో ప్రైవేటు స్కూళ్ళ టీచర్లకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. గుర్తింపు పొందిన బడులు వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టాయి, డబ్బు ఖాతాల్లో పడింది. పక్క రాష్ట్రంలో టైలర్లకు, మంగలివాళ్ళకు, చాకలివాళ్ళకు, ఆటో డ్రైవర్లకు పదేసి వేలు వేశారు. అక్కడా అంతే, వాళ్ళ పేర్లు ముందే నమోదయ్యాయి.

వీటిలో ఏదీ తప్పని నేననను. టీచర్లకు ఇచ్చినందుకు సంతోషమే. మా మెస్‌లో నెలకింత అని కట్టి రోజూ తినేవాళ్ళలో ఆ టీచర్లూ ఉన్నారు. కానీ వాళ్ళకు అన్నం వడ్డించే సప్లయర్‌కు ఏ నంబర్ ఉంది? అతనికి శ్రీకాకుళంలోనో, మహబూబ్‌నగర్‌లోనో రేషన్ కార్డు ఉంటుంది. ఇక్కడ సొంతిల్లు లేదు, నల్లా లేదు, బండి లేదు. బీహార్, ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. వలస వచ్చినవాళ్ళకు 2020లో 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చారు నిజమే. బిల్డింగుల దగ్గర గుంపుగా కనబడేవాళ్ళకు అది కొంత అందింది. మూసేసిన షట్టర్ వెనక పడుకున్న నలుగురు కుర్రాళ్ళ దగ్గరికి ఎవరు వెళ్తారు?

షట్టర్ వెనక పడుకోవడం అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. హోటల్ పనిలో జీతమంటే చేతికొచ్చే డబ్బొక్కటే కాదు. మూడు పూటలా తిండి అక్కడే. పడక కూడా చాలామందికి అక్కడే, లేదంటే ఓనర్ తీసుకున్న ఒక గదిలో పదిమందితో కలిసి. పాత హోటళ్ళలో రాత్రి గల్లా కట్టాక బల్లలు దగ్గరకు జరిపి వాటి మీదే పడుకుంటారు. సప్లయర్‌కు జీతం తక్కువ, పైన టిప్పులుంటాయని ఆ తక్కువకు ఒప్పుకుంటాడు. అంటే హోటల్ మూసిన రోజున జీతం, తిండి, పడక, టిప్పులు నాలుగూ ఒకేసారి పోతాయి. వేరే పనివాడికి పని పోయినా ఆ నెలాఖరు దాకా గది ఉంటుంది. హోటల్ కుర్రాడు ఆ రాత్రికే రోడ్డు మీద పడతాడు. మీ అన్నపూర్ణ సెంటర్లలో లాక్‌డౌన్ రోజుల్లో ఉచితంగా భోజనం పెట్టారు. మా వీధి మాస్టర్లు కూడా ఆ లైన్‌లో నిలబడి తిన్నారు. అందుకు మీకు థాంక్స్ చెప్పకుండా ఫిర్యాదు మాత్రం రాయడం మర్యాద కాదు. కాకపోతే కడుపు నిండితే ఊళ్ళో ఇంటికి డబ్బు పంపినట్టు కాదు కదా.

వంటింటి వెనక వైపు ఇంకా అన్యాయం. పొద్దున ఐదింటికి వచ్చి ఉల్లిపాయలు తరిగి, పిండి రుబ్బి, పెద్ద పెద్ద గిన్నెలు తోమి వెళ్ళే ఆడవాళ్ళున్నారు. చాలాచోట్ల వాళ్ళది రోజు కూలి, రానిరోజు డబ్బు లేదు. చుట్టుపక్కల బస్తీల నుంచే వస్తారు కాబట్టి వలస కార్మికులు కాదు, పేరు ఎక్కడా రాయరు కాబట్టి హోటల్ ఉద్యోగులూ కాదు. కేటరింగ్ వాళ్ళ వెంట పెళ్ళిళ్ళకు వెళ్ళి వడ్డించే కుర్రాళ్ళదీ ఇదే కథ. పెళ్ళికి వచ్చేవాళ్ళ సంఖ్యను ప్రభుత్వం కుదించిన ప్రతిసారీ వడ్డించేవాళ్ళ సంఖ్య కూడా తగ్గుతుంది, ఆ సంగతి ఏ ఉత్తర్వులోనూ ఉండదు.

పాతబస్తీలో అయితే రంజాన్ లెక్క. హలీమ్ బట్టీ దగ్గర నిలబడి పెద్ద చెక్క రోకళ్ళతో హలీమ్ రుబ్బేవాళ్ళు, కౌంటర్లలో డబ్బాలు కట్టేవాళ్ళు ఆ నెల రోజుల సంపాదనతో మిగతా ఏడాది అప్పులు తీర్చుకుంటారు. 2020 రంజాన్ మొత్తం లాక్‌డౌన్‌లోనే గడిచింది, ఆ ఏడాది హలీమ్ చేయకూడదని తయారీదారులే నిర్ణయించుకున్నారు. ఈ ఏడు ఏప్రిల్ 14న రంజాన్ మొదలైంది. 20 నుంచి రాత్రి కర్ఫ్యూ, హోటళ్ళు ఎనిమిదింటికే మూసేయాలన్నారు. హలీమ్ అమ్మకం ఊపందుకునేదే ఇఫ్తార్ అయ్యాక. మే 12న లాక్‌డౌన్ వచ్చింది, అప్పటికి పండుగకు రెండు రోజులే ఉంది. వరసగా రెండు సీజన్లు పోయాయి. ఈ సీజన్ పనివాళ్ళు మామూలు రోజుల్లో తనిఖీ చేస్తే హోటల్లో కనబడరు. జాబితా రాసేటప్పుడు వీళ్ళను మరచిపోవద్దని ముందే చెబుతున్నాను.

"పార్సిళ్ళు నడిచాయి కదా" అనేవాళ్ళున్నారు. నడిచాయి. మే 12 నుంచి పొద్దున ఆరు నుంచి పది దాకా, నెలాఖరు నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా, జూన్ 10 నుంచి సాయంత్రం ఐదు దాకా సడలింపు ఉంది. ఆన్‌లైన్ డెలివరీ ఉంది, అదీ మే 22న పోలీసులు అబ్బాయిలను ఆపేసి మర్నాడు వదిలినట్టు, ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో తెలియని తీరులో. కానీ పార్సిల్ హోటల్‌కు మాస్టర్ కావాలి, పొట్లం కట్టే మనిషి కావాలి, కౌంటర్‌లో నాలాంటివాడు కావాలి. సప్లయర్ అక్కర్లేదు, టేబుల్ తుడిచే కుర్రాడు అక్కర్లేదు, ప్లేట్లు కడిగే ఆవిడ అక్కర్లేదు. నాకు సగం జీతమైనా వచ్చింది, వాళ్ళకు అదీ లేదు. హోటల్ తెరిచి ఉందని చూసి లోపల పనివాళ్ళంతా ఉన్నారనుకోకండి.

యజమానులదే బాధ్యత కాదా అంటారేమో. చట్టం ప్రకారం కొంత ఉంది. 2020 మార్చి 29న కేంద్ర హోంశాఖ, మూసిన సంస్థలు కూడా జీతాలు కోత లేకుండా ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చింది. మే నెలలో దాన్ని వెనక్కి తీసుకుంది. ఈఎస్ఐ, అంటే కార్మిక బీమా ఉన్నవాడికి ఉద్యోగం పోతే 90 రోజుల దాకా సగం జీతం వచ్చే పథకం ఒకటుంది. మంచిదే, కానీ ఈఎస్ఐ ఉన్న సప్లయర్‌ని మా వీధిలో వెతికి పట్టుకోవడం కష్టం. చిన్న ఓనర్ల పరిస్థితీ నాకు తెలుసు. అద్దె ఆగదు, కరెంటు ఫిక్స్‌డ్ చార్జీ ఆగదు. వాళ్ళు రాయితీ అడుగుతున్నారు, ఇవ్వండి. అయితే ఓనర్‌కు ఇచ్చిన రాయితీ ఓనర్ దగ్గరే ఆగుతుంది. అమెరికాలో ఈ ఏడాది రెస్టారెంట్ల కోసమే 2,860 కోట్ల డాలర్ల నిధి పెట్టారు. అదీ వ్యాపారానికి ఇచ్చేదే. వ్యాపారం నిలబడితే పనివాడు నిలబడతాడన్నది దాని వెనక ఆలోచన. మన దగ్గర ఆ ఆలోచన పనిచేయదు, ఎందుకంటే ఓనర్ కాగితాల్లో పనివాడు లేనేలేడు. అందుకే సాయం నేరుగా మనిషి ఖాతాలో పడాలి.

ఇక మీరేం చేయగలరన్నది. మీకు చేతకాదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. నిరుడు అక్టోబర్ వరదలప్పుడు మునిగిన ఇంటికి 10,000 చొప్పున ఇవ్వడానికి ప్రభుత్వం 550 కోట్లు ప్రకటించింది. డబ్బు రాష్ట్రానిది, పంచిన చేతులు మీవి. ఇంటింటికీ తిరిగి నోట్లు చేతిలో పెట్టారు. అందులో జరిగిన గందరగోళం నగరమంతా చూసింది. అసలు మునిగినవాళ్ళకు రాలేదని ధర్నాలు, మధ్యలో కోత పెట్టారని ఆరోపణలు, తర్వాత మీసేవ సెంటర్ల ముందు తెల్లవారుజాము నుంచి క్యూలు, ఎన్నికల కోడ్ వల్ల మధ్యలో ఆగిపోవడం. నా ఉద్దేశంలో దానికి మూలం ముందుగా జాబితా లేకపోవడం, డబ్బు చేతికివ్వడం. ఆ రెండూ ఈసారి సరిచేసుకోవచ్చు. మే నెలాఖరులో రేషన్ డీలర్లకు, గ్యాస్ సిలిండర్లు వేసేవాళ్ళకు, ఆ తర్వాత కూరగాయలు, పూలు అమ్మేవాళ్ళకు, సెలూన్ వాళ్ళకు ప్రత్యేకంగా టీకాలు వేయించినప్పుడు ఎంత త్వరగా పేర్లు రాశారో, టోకెన్లు పంచారో కూడా చూశాం.

హోటల్ పనివాళ్ళ విషయంలో సగం పని ఇప్పటికే చట్టంలో ఉంది. ప్రతి హోటల్ ఏటా మీ దగ్గరే ట్రేడ్ లైసెన్స్ రెన్యువల్ చేయించుకోవాలి. దాని ఫీజు లెక్కకట్టడానికి హోటల్ ఎన్ని చదరపు అడుగులుంది, ముందున్న రోడ్డు ఎంత వెడల్పు అని చూస్తారు. అదే ఫారంలో లోపల ఎంతమంది పనిచేస్తున్నారు, వాళ్ళ పేర్లేమిటి అని కూడా తప్పనిసరిగా రాయించండి. ఇంకోటి, ఆహార భద్రత నిబంధనల ప్రకారం వంట, వడ్డన పనిచేసే ప్రతి మనిషికీ ఏడాదికోసారి వైద్య పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ లాంటి రోగాలకు టీకా వేయించాలి, ఆ రికార్డు హోటల్లో ఉంచి తనిఖీకి వచ్చినవాళ్ళకు చూపించాలి. తనిఖీకి వచ్చేది మీ ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్లే. వాళ్ళు ఇప్పటిదాకా ఫ్రిజ్‌లో మాంసం ఎన్నాళ్ళదని అడుగుతున్నారు, అది అడగాల్సిందే. దాంతోపాటు ఆ మెడికల్ రికార్డు కూడా అడిగితే అదే మీ జాబితాకు మొదటి పేజీ అవుతుంది. పనివాడికి ఉచితంగా ఒక వైద్య పరీక్ష కూడా దక్కుతుంది.

ఓనర్లు నిజం రాస్తారా? చాలామంది రాయరు. పదిమంది ఉన్నారని రాస్తే ఈఎస్ఐ వాళ్ళు, ఇరవై అంటే పీఎఫ్ వాళ్ళు, మధ్యలో లేబర్ ఆఫీసు వాళ్ళు వస్తారని భయం. ఆ భయం అబద్ధం కాదు. కాబట్టి ఓనర్ రాసిందొక్కటే ఆధారం చేసుకోవద్దు. పనివాడే వచ్చి తన పేరు రాయించుకునే వీలుండాలి, తోటి పనివాళ్ళు ఇద్దరు అవునంటే చాలు. నిజమా కాదా అని చూసుకోవడానికి మీకు డివిజన్‌లోనే మనుషులున్నారు. రోజూ చెత్త దగ్గర, నాలాల దగ్గర తిరిగే శానిటరీ ఫీల్డ్ అసిస్టెంట్‌కు ఏ హోటల్లో ఎవరు పనిచేస్తారో ముఖాలతో సహా తెలుసు. ఈ సాయం కోసం రాయించిన పేర్లను పాత జరిమానాలకు వాడబోమని ఒక మాట రాతపూర్వకంగా ఇవ్వండి. లేబర్ శాఖ దీనికి ఒప్పుకోకపోవచ్చు, చట్టం పాటించనివాణ్ణి వదిలేయడమేమిటని కార్మిక సంఘాల వాళ్ళకూ కోపం రావొచ్చు. నాకూ అది పూర్తిగా నచ్చిన దారి కాదు. కానీ ముందు మనిషి పేరు కాగితం మీదకు రావాలి. పేరే లేనివాడికి పీఎఫ్ కోసం ఎవరు కొట్లాడతారు?

ఇదంతా కేంద్రం చూసుకుంటుందిలే అని వదిలేయకండి. అసంఘటిత కార్మికుల నమోదు పోర్టల్‌ను జూలై 31లోగా మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు జూన్ 29న చెప్పింది. అది వస్తే మంచిదే, మీరు రాసిన పేర్లు అందులోకి పంపొచ్చు. 2008లోనే అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం వచ్చింది, ఇన్నేళ్ళయినా మా వీధిలో దాని కింద కార్డు పొందిన మనిషిని నేను చూడలేదు. పోర్టల్ ఢిల్లీలో ఉంటుంది, సప్లయర్ అమీర్‌పేటలో ఉంటాడు. మధ్యలో ఉన్నది మీ సర్కిల్ ఆఫీసే.

డబ్బు సంగతి. టీచర్లకు ఇచ్చినట్టే నెలకు 2,000, 25 కిలోల బియ్యం, మూడు నెలలు ఇవ్వాలని అడుగుతున్నాను. ఈ నగరంలో 2,000తో ఏమవుతుందని మీరే అనొచ్చు. గదిలో తన వాటా అద్దె కట్టుకుంటాడు, ఊరికి వెళ్ళిపోకుండా ఆగుతాడు, అంతవరకైనా అవుతుంది. లక్ష మంది తేలినా మూడు నెలలకు నగదు ఖర్చు 60 కోట్లు. ఈ ఏడాది మీ బడ్జెట్ 5,600 కోట్లు. అందులో జీతాలకు, అప్పులకు, రోడ్లకు, ఫ్లైఓవర్లకు పోగా మిగిలేది తక్కువేనని తెలుసు, కాబట్టి మొత్తం మీరే భరించాలనడం లేదు. కౌన్సిల్‌లో తీర్మానం చేసి జాబితాతో సహా రాష్ట్ర ప్రభుత్వానికి పంపండి. జాబితా లేకుండా వెళ్ళి అడిగితే ఎవరైనా "చూద్దాం" అంటారు. మీ వంతుగా, హోటళ్ళ నుంచి వచ్చే ట్రేడ్ లైసెన్స్ ఫీజులో ఏటా కొంత భాగం పక్కన పెట్టండి. బిల్డింగ్ కార్మికులకు నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు నిధి ఉంది కాబట్టే 2020 మార్చిలో వాళ్ళకు అందులోంచి సాయం చేయండని కేంద్రం రాష్ట్రాలకు చెప్పగలిగింది. మాకు అలాంటి నిధేదీ లేదు. మళ్ళీ మూత పడితే, ఉత్తర్వు వచ్చిన పదిహేను రోజుల్లో మొదటి విడత ఖాతాలో పడేలా ఇప్పుడే నియమం రాసి పెట్టుకోవాలి.

మూడో వేవ్ వస్తుందని టీవీల్లో రోజూ చెబుతున్నారు. వస్తుందో రాదో డాక్టర్లకు వదిలేద్దాం. గతేడాది మే ఒకటిన వలస కార్మికులను ఊళ్ళకు చేర్చే శ్రామిక్ రైళ్ళలో దేశంలోనే మొదటిది మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు వెళ్ళింది. ఆ తర్వాత వెళ్ళిన రైళ్ళలో, లారీల్లో మా మాస్టర్లు, తందూర్ వాళ్ళు, ఫాస్ట్‌ఫుడ్ కుర్రాళ్ళు కూడా పోయారు. జూన్ 8న హోటళ్ళు తెరవమన్నప్పుడు వంటవాడు లేక తలుపు తీయనివాళ్ళు, టికెట్లు పంపించి వెనక్కి పిలిపించుకున్నవాళ్ళు ఎంతోమంది. నగరం తన బిర్యానీ గురించి గొప్పగా చెప్పుకుంటుంది, చెప్పుకోవాలి కూడా. హండీ దించేవాడి పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

వచ్చే కౌన్సిల్ సమావేశం ఎజెండాలో ఈ అంశం పెట్టమని కార్పొరేటర్లను కోరుతున్నాను. తీర్మానం కోసం ఆగకుండా, పేర్లు రాసే పని సర్కిల్ డిప్యూటీ కమిషనర్ల ద్వారా ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు, దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. మీ సిబ్బందిని పంపేటప్పుడు ఒక్క విషయం చూసుకోండి. పన్నెండు నుంచి మూడు దాకా ఎవరూ మాట్లాడలేరు, రాత్రి ఏడు దాటాక అసలే కుదరదు. మధ్యాహ్నం మూడున్నరకు పంపండి. భోజనాలు అయిపోయి ఉంటాయి, సాయంత్రం పని మొదలై ఉండదు, పనిలో ఉన్నవాళ్ళందరూ దొరుకుతారు. పని పోయినవాళ్ళకు వీళ్ళ ఫోన్ల నుంచే కబురు వెళ్తుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు దగ్గర పెట్టుకోమని మా వీధిలో నేను చెప్పి ఉంచుతాను.

ఇట్లు,
అమీర్‌పేటలో ఒక మెస్ కౌంటర్ మీద పనిచేసే మీ ఓటరు